పగల్లేదు కాబట్టి బాగున్నట్టేనా?

ప్రెస్ షాపులో, అంటే లోహపు షీట్‌ని డైలో (అచ్చులో) పెట్టి నొక్కి పార్టులు తీసే చోట, కొన్నాళ్ళు పని చేసిన ఎవరికైనా ఈ గొడవ తెలిసే ఉంటుంది. ఒక పార్ట్ నెలల తరబడి బాగానే వస్తుంటుంది, ఒక రోజు సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నట్టుండి మూల దగ్గర చిరగడం మొదలవుతుంది, తెల్లారేసరికి స్క్రాప్ బిన్ నిండిపోతుంది, తొమ్మిదింటికి మీటింగ్. డైలు చేసే టూల్ రూమ్ వాళ్ళు షీట్ బాలేదంటారు. పర్చేజ్ వాళ్ళు టెస్ట్ సర్టిఫికెట్ తెచ్చి టేబుల్ మీద పెట్టి అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి చూస్కోండి అంటారు. ప్రొడక్షన్ వాళ్ళు ఆయిల్ మారిందని, ఆపరేటర్ మారాడని, షీట్ అంచుని అదిమిపట్టే ప్రెస్ కుషన్ ప్రెషర్ సరిగ్గా నిలబడట్లేదని ఏదో ఒకటి చెప్తారు. రెండు గంటలు వాదించుకున్నాక ఎవరి గొంతు గట్టిదైతే వాళ్ళ మాటే నిలబడుతుంది, మిగతావాళ్ళు మొహం మాడ్చుకుని షాపులోకి వెళ్ళిపోతారు.

ఇలాంటి మీటింగుల్లో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను, ఇప్పటికీ కూర్చుంటున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే. మనం పార్ట్ పగిలిందా లేదా అని చూస్తాం, పగలడానికి ఇంకా ఎంత దూరంలో ఉంది అని చూడం. ఆ దూరం కొలిచే పద్ధతి అరవై ఏళ్ళ కిందటే ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు, అయినా మన చిన్న, మధ్య తరహా ప్రెస్ షాపుల్లో నూటికి తొంభై మంది దాన్ని పుస్తకాల్లో బొమ్మగా వదిలేశారని నా అనుభవం కొద్దీ అనిపిస్తుంది. ఇది మారాలని రాస్తున్నాను. అలాగే ఆ బొమ్మని దేవుడి పటంలాగా గోడకి తగిలించుకునేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది, అది తర్వాత చెప్తాను.

ముందు నా కేసు. జీడిమెట్ల వైపు ఒక షాపులో అప్పట్లో నేను క్వాలిటీ చూసేవాణ్ణి. పార్ట్ ఒక ఇంజన్ ఆయిల్ సంప్, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే లోతైన తొట్టిలాంటిది, 0.8 మిల్లీమీటర్ల ఈడీడీ షీట్. ఈడీడీ అంటే బాగా లోతుగా లాగడానికి పనికొచ్చే కోల్డ్ రోల్డ్ షీట్, మన ఐఎస్ 513 స్టాండర్డ్‌లో డీ, డీడీ, ఈడీడీ అని ఉండేవి, ఇప్పుడు సీఆర్ నంబర్లు వచ్చినా షాపుల్లో అందరూ ఇంకా ఈడీడీ అనే అంటారు. నాలుగు మూలల్లో ఒక మూల దగ్గర, గోడ కిందికి దిగి అడుగు రేడియస్‌లో కలిసే చోటుకి కాస్త పైన, అడ్డంగా సన్న పగులు. కొత్త కాయిల్, అంటే కొత్త షీట్ చుట్ట, ఎక్కించిన దగ్గర్నుంచే మొదలైంది కాబట్టి అందరి వేళ్ళూ షీట్ వైపే చూపించాయి. మా టూల్ మేకర్ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దాయన, చేతిలో పనితనం ఉన్న మనిషి, ఆయన ఒక్కటే మాట, "ఇదే డైలో ఇన్ని వేల పీసులు తీసినం సార్, డై తప్పంటే నేనొప్పుకోను." ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

సర్టిఫికెట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం), టెన్సైల్ (ఓర్చుకునే గరిష్ట బలం), ఎలాంగేషన్ (తెగేలోపు సాగుడు), ఎరిక్సన్ విలువ (దీని సంగతి తర్వాత చెప్తాను) అన్నీ రెండు కాయిల్స్‌కీ దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా ఉన్నదల్లా ఒక్క చోట, పాత కాయిల్ ఎన్ విలువ 0.21, కొత్తది 0.19. మా కొనుగోలు ఆర్డర్‌లో ఎన్ ఎంత ఉండాలో ఎవరూ రాయనే లేదు, కాబట్టి సప్లయర్‌ని అనడానికి ఏమీ లేదు.

ఎన్ విలువ అంటే ఏంటో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మొత్తం కథ అక్కడే ఉంది. చపాతీ పిండిముద్దని రెండు చేతులతో పట్టుకుని లాగండి. కాసేపు అంతా సమంగా సాగుతుంది, తర్వాత ఎక్కడో ఒక చోట పల్చబడుతుంది, ఇక అక్కణ్ణుంచి మిగతా పిండి సాగడం మానేసి ఆ పల్చబడ్డ చోటే సాగి తెగిపోతుంది. స్టీల్ కూడా ఇదే పని చేస్తుంది కానీ దానికో మంచి గుణం ఉంది, సాగిన చోట గట్టిపడుతుంది. ఒక చోట కాస్త ఎక్కువ సాగిందనుకోండి, అక్కడ గట్టిపడి "ఇక నేను సాగను, పక్కవాణ్ణి లాగు" అన్నట్టు పనిని పక్కకి తోసేస్తుంది. సాగే కొద్దీ ఎంత బాగా గట్టిపడుతుందో చెప్పేదే ఎన్. అది ఎక్కువగా ఉంటే సాగుడు నలుగురికీ పంచబడుతుంది, తక్కువైతే ఒక్క చోటే పోగుపడుతుంది. పోగుపడిన చోట షీట్ మందమంత వెడల్పులో సన్నటి గాడి పడుతుంది, దాన్నే నెక్ అంటాం. వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి మాత్రం వెలుతురు పక్కనుంచి పడితే గానీ కనపడదు. నెక్ పడ్డాక పగులు ఎంతో దూరంలో ఉండదు. అందుకే షీట్ మెటల్‌లో హద్దు అంటే పగిలే చోటు కాదు, నెక్ మొదలయ్యే చోటు.

ఇప్పుడు వృత్తాల సంగతి. ప్రెస్‌లో పెట్టకముందు బ్లాంక్ మీద, అంటే పార్ట్ కోసం కత్తిరించి పెట్టిన చదును షీట్ ముక్క మీద, చిన్న చిన్న వృత్తాలు అచ్చు వేస్తాం, మేం వేసింది 2.5 మిల్లీమీటర్ల వ్యాసంవి. ప్రెస్ కొట్టాక ఆ వృత్తాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. పొడవు వైపు ఎంత సాగిందో అది మేజర్ స్ట్రెయిన్, దానికి అడ్డంగా ఎంత సాగిందో లేదా కుంచించుకుపోయిందో అది మైనర్ స్ట్రెయిన్. మేజర్ నిలువు గీత మీద, మైనర్ అడ్డ గీత మీద పెట్టి పార్ట్‌లో ఒక్కో వృత్తానికి ఒక్కో చుక్క పెడతాం. నెక్ పడిన వృత్తాల చుక్కలు పైన, పడనివి కింద, మధ్యలో ఒక గీత గీస్తే అదే ఫార్మింగ్ లిమిట్ కర్వ్. అమెరికాలో ఎమ్‌ఐటీలో వాల్టర్ బ్యాకోఫెన్ దగ్గర పని చేసిన స్టూవర్ట్ కీలర్ 1960ల మొదట్లో దీని కుడి సగం, అంటే రెండు వైపులా సాగే భాగాన్ని తీసుకొచ్చాడు, 1968లో గోర్టన్ గుడ్‌విన్ ఎడమ సగం కలిపాడు, అందుకే పాతవాళ్ళు దీన్ని కీలర్ గుడ్‌విన్ డయాగ్రామ్ అంటారు. నాకు దీంట్లో బాగా నచ్చేదేంటంటే ఇది పెరిగింది ప్రెస్ షాపుల్లో షీట్ ఎందుకు చిరుగుతోంది అనే ప్రశ్నలకి జవాబుగా, మన దగ్గరికొచ్చేసరికి పరీక్షలో పది మార్కుల ప్రశ్న అయిపోయింది.

గీత ఆకారం ఇంగ్లిష్ వీ అక్షరంలా ఉంటుంది, అన్నిటికంటే కింద ఉండే చోటు మైనర్ స్ట్రెయిన్ సున్నా దగ్గర. అంటే షీట్ ఒకే దిక్కుగా సాగుతూ, అడ్డంగా సాగకుండా కుంచించుకోకుండా బిగుసుకుపోయి ఉన్న చోట హద్దు అన్నిటికంటే తక్కువ. ఎందుకంటే అడ్డంగా కుంచించుకునే వీలుంటే పొడవుకి కావల్సిన లోహం వెడల్పులోంచి కొంత వస్తుంది, మందం మీద పడే భారం తగ్గుతుంది. రెండు వైపులా సాగుతున్న చోట అయితే నెక్ పడటానికి అనువైన సాగని గీత ఒక్కటి కూడా షీట్‌లో ఉండదు, కాబట్టి అది నెమ్మదిగా ముదరాల్సిందే. మధ్యలో ఉన్న బిగుసుకుపోయిన స్థితిలో నెక్‌కి ఏ అడ్డంకీ లేదు, వెంటనే పడుతుంది. ప్రెస్ షాపులో నేను చూసిన చిరుగుల్లో చాలా భాగం ఇక్కడే, పొడవాటి గోడలకి, మూల పైన, డ్రా బీడ్ (షీట్ లోపలికి జారకుండా ఆపే డైలోని గట్టు) పక్కన.

ఇప్పుడు సర్టిఫికెట్‌లో ఉన్న ఎరిక్సన్ విలువ సంగతి చూడండి. 20 మిల్లీమీటర్ల గోళాకారపు పంచ్‌తో షీట్‌ని 27 మిల్లీమీటర్ల రంధ్రంలోకి ఉబ్బించి, పగిలేదాకా ఎంత లోతు దిగిందో చూస్తారు. మంచి టెస్టే, త్వరగా అయిపోతుంది, కానీ అది షీట్‌ని దాదాపు అన్ని వైపులా సమంగా ఉబ్బిస్తుంది, అంటే డయాగ్రామ్‌లో కుడి పక్క సంగతి. మా సంప్ పగిలింది ఆ డయాగ్రామ్ నట్టనడుమ సంగతి. కుడి కాలికి ఎక్స్‌రే తీసి ఎడమ కాలు విరగలేదని చెప్పినట్టు ఉంటుంది ఎరిక్సన్ పది మిల్లీమీటర్లు దాటింది కాబట్టి షీట్ బాగుందనడం.

సరే మా దగ్గర వృత్తాలు వేసే సరంజామా లేదు. స్టెన్సిల్ ఒకటి, ఫెల్ట్ ప్యాడ్, ఎలక్ట్రోలైట్ సీసా, తక్కువ వోల్టేజ్ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అంతే కావల్సింది. అవన్నీ ఉన్న పక్క షాపు నుంచి రెండు రోజులకి అడిగి తెచ్చుకున్నాం. బ్లాంక్‌ని శుభ్రంగా నూనె లేకుండా తుడిచి, స్టెన్సిల్ పరిచి, తడిపిన ప్యాడ్‌తో కొన్ని సెకన్లు రుద్దితే నల్లటి వృత్తాలు పడతాయి. వెంటనే న్యూట్రలైజర్‌తో తుడిచి పల్చగా నూనె రాయాలి, అది మర్చిపోతే వానాకాలంలో తెల్లారేసరికి తుప్పు, మా మొదటి నాలుగు బ్లాంకులు అలాగే పోయాయి. డై మీద రాసుకుపోయే వైపు వేస్తే గీతలు చెరిగిపోతాయి కాబట్టి ఏ వైపు వేయాలో ముందే చూసుకోవాలి. ఇంకోటి, వృత్తం నిజంగా 2.5 ఉందా అని ప్రెస్ కొట్టకముందే కొలిచి రాసుకోవాలి, స్టెన్సిల్ కాస్త జారినా పరిచేటప్పుడు సాగినా 2.55 అవుతుంది, అప్పుడు మీ లెక్కలో మొదట్నుంచే రెండు శాతం తప్పు.

పాత కాయిల్‌లోంచి మిగిలిన బ్లాంకులు కొన్ని దొరికాయి. వాటి మీద వృత్తాలు వేసి ప్రెస్ కొడితే పార్ట్ చక్కగా వచ్చింది, ఎప్పట్లాగే, పగులు లేదు, నెక్ లేదు. ఆ మూల దగ్గర వృత్తాన్ని కొలిస్తే పొడవు 3.3 మిల్లీమీటర్లు, వెడల్పు 2.5 అలాగే ఉంది. అంటే మేజర్ 32 శాతం, మైనర్ సున్నా.

హద్దు ఎంత? మా దగ్గర ఆ షీట్‌కి కర్వ్ లేదు. మామూలు తక్కువ కార్బన్ స్టీల్స్‌కి 1970ల్లో కీలర్, బ్రేజియర్ ఇచ్చిన ఒక లెక్క ఉంది, మైనర్ సున్నా దగ్గర హద్దు ఎంతో అది చెప్తుంది. మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 14.13తో గుణించి, 23.3 కలిపి, మొత్తాన్ని ఎన్ బై 0.21తో గుణించాలి. ఎన్ 0.21 దాటితే దాన్ని 0.21గానే తీసుకోవాలి. మా 0.8 షీట్‌కి పాత కాయిల్ ఎన్ 0.21 కాబట్టి హద్దు 34.6 శాతం. కొత్త కాయిల్ ఎన్ 0.19 కాబట్టి 31.3 శాతం.

ఆ మూడు అంకెలు వైట్ బోర్డు మీద రాశాక మీటింగ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పార్ట్‌కి కావల్సింది 32. పాత షీట్ 34.6 దాకా ఇస్తుంది, కొత్తది 31.3 దాకానే ఇస్తుంది. కొత్త షీట్ పగలడంలో వింత ఏమీ లేదు, పాత షీట్ ఇన్ని నెలలు పగలకపోవడమే మా అదృష్టం. 2.5 వృత్తాన్ని స్కేలుతో చదివేటప్పుడు 0.05 మిల్లీమీటర్ తేడా ఎవరికైనా వస్తుంది, అది రెండు శాతం, అంటే మాకున్న 2.6 శాతం దూరం మా కొలత తప్పుతో దాదాపు సమానం, ఆ దూరాన్ని దూరం అనడానికే లేదు. మామూలుగా హద్దుకి పది శాతం కింద ఇంకో గీత గీసి, దాని కింద ఉంటేనే పచ్చ, మధ్యలో ఉంటే పసుపు అంటారు. మా సంప్ మొదటి రోజు నుంచీ పసుపులో, అదీ ఎరుపుకి ఆనుకుని ఉంది. మా టూల్ మేకర్ చాలాసేపు ఆ బోర్డు వైపు చూసి, "అంటే ఇన్ని దినాలు గోడ మీదనే నడిచినమా సార్" అన్నాడు. ఆ ఒక్క మాటతో గొడవ అయిపోయింది.

ఈ తేడా కంటితో ఎందుకు కనపడదో మందం లెక్క చూస్తే తెలుస్తుంది. లోహం ఘనపరిమాణం మారదు కాబట్టి 32 శాతం సాగి అడ్డంగా మారకపోతే 0.8 మందం 0.606 అవుతుంది. పాత కాయిల్ హద్దు దగ్గర 0.594, కొత్తదాని హద్దు దగ్గర 0.609. మంచి పార్ట్‌కీ చిరిగే పార్ట్‌కీ మధ్య ఉన్నది 0.015 మిల్లీమీటర్, వెంట్రుక మందంలో పావు వంతు కూడా కాదు. ఎంత అనుభవం ఉన్న కన్ను అయినా, ఎంత మంచి చెయ్యి అయినా దాన్ని పట్టుకోలేదు. అనుభవాన్ని తక్కువ చేయడానికి చెప్పట్లేదు ఇది, దిద్దుబాటు చేసింది ఆ అనుభవమే కదా. ఆ మూల దగ్గర డై రేడియస్‌ని 6 నుంచి 8 మిల్లీమీటర్లకి పెంచి, ఆయిల్ స్టోన్ పట్టి నున్నగా చేసి, మూల పక్క డ్రా బీడ్ ఎత్తు కాస్త దించి, బ్లాంక్ మూల ఏటవాలుగా ఇంకొంచెం కత్తిరించి, అంచు దగ్గర లోహం లోపలికి జారేలా చేశాడాయన. ఎంత దించితే ముడతలు రావో ఆయనకి తెలుసు, నాకు తెలీదు. నేను చేసిందల్లా ప్రతి మార్పు తర్వాత వృత్తం కొలిచి చెప్పడం. నాలుగో ట్రయల్‌కి 3.1 వచ్చింది, 24 శాతం. పాత రకం షీట్‌తో పచ్చలోకి వచ్చాం, కొత్త కాయిల్‌తో హద్దుకి ఏడు శాతం కింద ఉన్నాం, అది ఇంకా పసుపే కానీ పగల్లేదు. అదే కాయిల్, తిప్పి పంపించేద్దామనుకున్నది, మొత్తం వాడేశాం. ఆ తర్వాత ఆర్డర్‌లో ఎన్ కనీసం ఎంత ఉండాలో కూడా రాయడం మొదలుపెట్టాం.

ఇక నా రెండో పేచీ. పైన చెప్పిన సూత్రం, ఇంటర్నెట్‌లో దొరికిన కర్వ్, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న కర్వ్, వీటిని షీట్ జాతకంలాగా నమ్మేవాళ్ళు కూడా అంతే ప్రమాదం. ఆ సూత్రం మామూలు స్టీల్స్‌ని చూసి రాసింది, అల్యూమినియంకి పనికిరాదు, స్టెయిన్‌లెస్‌కి పనికిరాదు, ఈ మధ్య కార్లలో వాడే బాగా గట్టి స్టీల్స్ అన్నిటికీ అలాగే వర్తిస్తుందని అనుకోకూడదు. వాటికి ల్యాబ్‌లో కొలవాల్సిందే.

ల్యాబ్‌లో ఎక్కువగా చేసేది నకజిమా టెస్ట్. 100 మిల్లీమీటర్ల అర్ధగోళం పంచ్, నడుము సన్నగా కత్తిరించిన రకరకాల వెడల్పుల షీట్ ముక్కలు. సన్నటి ముక్క ఎడమ పక్క చుక్క ఇస్తుంది, పూర్తి వెడల్పు ముక్క కుడి చివర చుక్క ఇస్తుంది. పంచ్‌కీ షీట్‌కీ మధ్య గ్రీజు, టెఫ్లాన్ పొరలు వేసి రాపిడి ఎంత వీలైతే అంత తగ్గిస్తారు, లేకపోతే పగులు పైన నడినెత్తిన రాకుండా పక్కకి జరుగుతుంది, అలా జరిగిన ముక్కని లెక్కలోకి తీసుకోరు. ఇంకోటి పోలండ్ ఆయన మార్సినియాక్ పేరుతో ఉన్నది, చదునైన పంచ్, మధ్యలో రంధ్రం ఉన్న ఇంకో షీట్‌ని అడ్డం పెట్టి, వంపు లేకుండా షీట్‌ని చదునుగానే సాగదీస్తారు. 2008లో వచ్చిన ఐఎస్ఓ 12004 రెండో భాగం ఈ రెంటికీ పద్ధతి రాసిపెట్టింది, మొదటి భాగం ప్రెస్ షాపులో కొలవడం గురించి. ల్యాబుకి ఒక భాగం, షాపుకి ఒక భాగం అని స్టాండర్డే విడదీసి రాసిందంటే షాపులో కొలవడం చిన్నచూపు చూడాల్సిన పని కాదని నేను అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకే షీట్‌ని గుండ్రటి పంచ్‌తో కొలిస్తే ఒక గీత, చదును పంచ్‌తో కొలిస్తే ఇంకో గీత వస్తాయి, ఎందుకంటే వంపు, పంచ్ ఒత్తిడి నెక్‌ని కాస్త వెనక్కి నెడతాయి. ఇంకా ముఖ్యమైంది వృత్తం సైజు. నెక్ వెడల్పు మహా అయితే షీట్ మందమంత, మా కేసులో 0.8. 5 మిల్లీమీటర్ల వృత్తంతో కొలిస్తే ఆ నెక్‌లో ఉన్న పెద్ద సాగుడు చుట్టుపక్కల తక్కువ సాగుడుతో కలిసి సగటు అయిపోతుంది, చిన్న అంకె వస్తుంది. 2.5తో పెద్దది. ఇప్పుడు చాలా ల్యాబుల్లో షీట్ మీద తెలుపు నలుపు చుక్కల పెయింట్ చల్లి రెండు కెమెరాలతో ప్రతి క్షణం ఫొటోలు తీసి కంప్యూటర్‌తో కొలుస్తారు, దాంట్లో కొలత పొడవు ఇంకా చిన్నది, అంకె ఇంకా పెద్దది. అందుకే నెక్‌లో ఉన్న చుక్కల్ని వదిలేసి, దానికి రెండు పక్కలా ఉన్న సాగుడు నుంచి గీత కలుపుకుంటూ వచ్చి, నెక్ పడకముందు అక్కడ ఎంత ఉండి ఉంటుందో లెక్క కట్టే పద్ధతి స్టాండర్డ్‌లో పెట్టారు. అంతా సరిగ్గా చేసినా అది కట్టిన లెక్కే, కళ్ళారా చూసిన అంకె కాదు.

దీనివల్ల ప్రెస్ షాపుకి ఏంటి అంటారా? కెమెరాలతో ఒక మిల్లీమీటర్‌కి కొలిచిన కర్వ్ తెచ్చుకుని, మన పార్ట్‌ని 5 మిల్లీమీటర్ల వృత్తాలతో కొలిచి, హద్దుకి పన్నెండు శాతం కింద ఉన్నాం అని సంబరపడితే అది ఒట్టి భ్రమ. ఇంట్లో తవ్వతో కొలిచిన బియ్యాన్ని కొట్టువాడి మానికతో పోల్చినట్టు. పార్ట్‌ని ఏ కొలతతో కొలుస్తున్నామో హద్దుని కూడా అదే కొలతతో కొలిచి ఉండాలి, లేకపోతే ఆ రెండు అంకెల్ని ఒక కాగితం మీద పెట్టే హక్కు మనకి లేదు. నాకు కర్వ్ ఇచ్చే ప్రతి ఒక్కర్నీ నేను మొదట అడిగేది ఇదే, ఏ పంచ్, ఎంత వృత్తం, నెక్‌లో ఉన్న చుక్కల్ని లెక్కలో వేశారా బయట ఉంచారా. జవాబు లేకపోతే ఆ కర్వ్‌ని నేను వాడను.

ఇంకో సంగతి ఉంది, దారి. కర్వ్ గీసేటప్పుడు షీట్‌ని మొదట్నుంచి చివరిదాకా ఒకే తీరులో సాగదీస్తారు. మన పార్టులు అలా సాగవు, మొదటి డైలో ఒక వైపు, రెండో డైలో ఇంకో వైపు. ముందు అన్ని వైపులా సమంగా ఉబ్బించి తర్వాత ఒక దిక్కుకి లాగితే హద్దు బాగా పడిపోతుంది, ముందు ఒకవైపు సాగదీసి తర్వాత రెండు వైపులా లాగితే కొన్నిసార్లు పెరుగుతుంది. గ్రాఫ్, హోస్‌ఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో అల్యూమినియం షీట్ మీద చేసి చూపించిన కర్వులు చూస్తే ఒకే షీట్ గీత ఎన్ని చోట్లకి జరుగుతుందో తెలుస్తుంది. కాబట్టి రెండు మూడు స్టేజీల్లో లాగే పార్ట్‌కి చివర్లో కొలిచి కర్వ్ మీద పెట్టి ఓకే అనడం సరిపోదు, ప్రతి స్టేజీ తర్వాత కొలవాలి. మన కంచరివాళ్ళకి ఈ సంగతి చేతికి తెలుసు. పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టేవాళ్ళు కొంతసేపు కొట్టి, రేకు బిగుసుకోగానే మళ్ళీ కాల్చి మెత్తబరిచి కొడతారు. కాల్చడమంటే అప్పటిదాకా రేకు పడ్డ కష్టం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టడం. మనం ప్రెస్ షాపులో కాల్చకుండా రెండో డైలోకి పంపుతున్నామంటే ఆ పాత కష్టం అంతా లోపల మోసుకుంటూనే వెళ్తోంది.

కత్తిరించిన అంచుల సంగతి మాత్రం ఈ డయాగ్రామ్‌ని అడగొద్దు. బ్లాంకింగ్ చేసిన అంచు, పంచ్ కొట్టిన రంధ్రం అంచు, అక్కడ లోహం అప్పటికే నలిగి చిన్న చిన్న పగుళ్ళతో ఉంటుంది, కర్వ్‌కి చాలా కిందే చీలిపోతుంది, మెత్తటి, గట్టి భాగాలు కలిసి ఉండే డ్యూయల్ ఫేజ్ స్టీల్స్‌లో మరీను. దానికి వేరే టెస్ట్ ఉంది, 10 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టి 60 డిగ్రీల శంకువు పంచ్‌తో వెడల్పు చేస్తూ అంచు పగిలేదాకా ఎంత పెరిగిందో చూస్తారు, ఐఎస్ఓ 16630. సిమ్యులేషన్‌లో అంతా పచ్చగా ఉందండీ అయినా ఫ్లాంజ్ అంచు చీలుతోంది అని నాకు ఫోన్లు వస్తుంటాయి. ఆ పచ్చ రంగు అంచు కోసం వేసింది కాదు.

ఇన్ని తిరకాసులు ఉంటే ఎందుకయ్యా కొలవడం అని ఒకాయన నన్ను అడిగాడు. నేను సరిగ్గా అందుకే కొలవమంటాను. హద్దు గీత ఎక్కడుందో మూడు నాలుగు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ పార్ట్ మీద కొలిచిన 32, దిద్దాక కొలిచిన 24, ఈ రెంటి మధ్య తేడా నిజం, ఒకే స్టెన్సిల్, ఒకే స్కేలు, ఒకే కళ్ళు. డై మంచివైపు వెళ్తోందా చెడువైపు వెళ్తోందా అన్నది కర్వ్ లేకపోయినా తెలుస్తుంది. ఇది తెలియకుండా రేడియస్ రుద్దడం, నూనె మార్చడం, షీట్ మధ్య పాలిథిన్ కాగితం పెట్టి లాగడం, ఇవన్నీ చీకట్లో తడుముకోవడమే, ఒక్కోసారి తగులుతుంది, తగిలినప్పుడు ఎందుకు తగిలిందో తెలీదు కాబట్టి తర్వాతి డైకి పనికిరాదు.

ఖర్చు గురించి అడుగుతారు. కెమెరాల సెటప్ చిన్న షాపు కొనలేదు, కొనక్కర్లేదు కూడా. వృత్తాలు వేసే సామాను ధర ఒక మంచి కాయిల్‌లో స్క్రాప్ అయ్యే షీట్ ధరతో పోలిస్తే ఎంత అని ఎవరి షాపు లెక్క వాళ్ళే వేసుకోవచ్చు, మా షాపులో అయితే ఆ ఒక్క వారం స్క్రాప్ డబ్బులతో సామాను వచ్చేది. రోజూ వృత్తాలు వేయనక్కర్లేదు కూడా. డై ఓకే అయిన రోజు ఒక్కసారి వృత్తాలతో కొలిచి, ప్రమాదం ఉన్న చోటు గుర్తుపెట్టుకుని, ఆ చోట మందం ఎంతో రాసుకుంటే తర్వాత రోజువారీగా అల్ట్రాసోనిక్ మందం గేజ్ అక్కడ ఆనిస్తే చాలు. మా సంప్‌కి 0.64 చుట్టూ ఉండాలి, 0.62కి దిగుతోందంటే డై అరిగిందో, రేడియస్ మీద లోహం అంటుకుందో, కుషన్ బిగిసిందో, ఏదో జరుగుతోంది, పగలకముందే మనం వెళ్ళి చూడొచ్చు. గేజ్‌ని మాత్రం అదే షీట్ ముక్క మీద సరిచూసుకుని వాడాలి, ఇంత పల్చటి షీట్ మీద చిన్న ప్రోబ్ కావాలి.

కాలేజీల వాళ్ళకి కూడా ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని మెకానికల్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ప్రతి చోటా ఈ ఫార్మింగ్ లిమిట్ డయాగ్రామ్ (ఎఫ్‌ఎల్‌డీ) బొమ్మ గీయిస్తారు, ఎడమ కొమ్మ కుడి కొమ్మ పేర్లు రాయిస్తారు. ఒక్కసారి పిల్లల చేత ఒక స్టీల్ షీట్ ముక్క మీద వృత్తాలు వేయించి, ఏదైనా చిన్న ప్రెస్ షాపుకి తీసుకెళ్ళి కొట్టించి, కొలిపించండి. నా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి మొదటిసారి వృత్తం గుడ్డులా సాగి ఉండటం భూతద్దంలో చూసి, "సార్, ఇది లాగిన దిక్కు ఇక్కడే రాసి ఉందే" అంది. పక్క వృత్తం, దాని పక్క వృత్తం చూసుకుంటూ లోహం ఎటునుంచి వచ్చిందో ఎక్కడ ఆగిపోయిందో తనే చెప్పేసింది, బీడ్ దగ్గర ఆగిందని కూడా. నేనేం చెప్పలేదు.

మా షాపులో ఆ సంప్ మొదటి వృత్తాల ప్యానెల్, 3.3 ఉన్నది, నాలుగో ట్రయల్‌ది, 3.1 ఉన్నది, రెండూ నూనె రాసి టూల్ రూమ్ ర్యాక్‌లో డై పక్కనే పెట్టాం. తేదీ, కాయిల్ నంబర్, ఎన్ విలువ మార్కర్‌తో రాసి ఉన్నాయి. నేను ఆ షాపు వదిలేసి చాలా ఏళ్ళయింది. పోయిన ఏడాది వేరే పని మీద వెళ్తే ఆ ర్యాక్‌లో అలాంటి ప్యానెల్స్ నలభై దాకా ఉన్నాయి, ఒక్కో డైకి ఒకటి, కొన్నిటి మీద రాత ఆ టూల్ మేకర్‌ది.